హాట్ టబ్ కొంటున్నారా? జెట్ల సంఖ్య పక్కన పెట్టి ఈ లెక్కలు చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే సైట్‌లో హాట్ టబ్‌కి ఏం పని అని మీరు అడగొచ్చు. ఇప్పుడొస్తున్న టబ్‌లలో చాలావాటికి వై-ఫై ఉంది, ఫోన్‌లో యాప్ ఉంది, టచ్ ప్యానెల్ ఉంది. అమెజాన్‌లోనో కాస్ట్‌కోలోనో టీవీ కొన్నట్టే, రెండు ట్యాబ్‌లు ఓపెన్ చేసి స్పెసిఫికేషన్లు పోల్చుకుని కొంటున్నారు. అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చలికాలం మొదలవగానే "బ్రో, ఈ డీల్ ఎలా ఉంది?" అంటూ లింకులు తిరుగుతుంటాయి. నాకూ అలాంటివి చాలానే వచ్చాయి. అందుకే నా అభిప్రాయం ఒకేచోట రాసేస్తున్నా.

ఆ లింకులన్నింటిలో ఒక పోలిక ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో జెట్ల సంఖ్య. దాని కింద పంపు హార్స్‌పవర్. తర్వాత ఎయిర్ బ్లోయర్, ఎల్‌ఈడీ లైట్లు, బ్లూటూత్ స్పీకర్. హీటర్ ఎన్ని కిలోవాట్లో కిందెక్కడో చిన్నగా ఉంటుంది. మూత, ఇన్సులేషన్ గురించి అయితే ఒక్క అంకె కూడా కనపడదు.

నా ఉద్దేశంలో ఈ వరుస మొత్తం తిరగేసి చదవాలి. ముందు ఇన్సులేషన్, హీటర్. తర్వాత పంపు. ఆ తర్వాతే జెట్ల సంఖ్య. బ్లోయర్ చివర్న, అదీ మీకు నిజంగా కావాలంటేనే. ఎందుకంటున్నానో లెక్కలతో చెప్తా. ఇంటర్ ఫిజిక్స్ దాటి ఏమీ అక్కర్లేదు.

మూడింటి పని మూడు రకాలు

హాట్ టబ్‌లో జెట్, బ్లోయర్, హీటర్ అని మూడు మాటలు వింటాం. మొదటి రెండూ బుడగలు తెప్పిస్తాయి కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కాదు.

జెట్ అంటే నీళ్లు. పంపు నీటిని లాగి, సన్నటి మూతి గుండా వేగంగా వదులుతుంది. ఆ ధార వీపుకి, భుజాలకి తగులుతుంది. కండరాలకి మసాజ్ లాంటిది జరిగేది దీనివల్లే.

బ్లోయర్ అంటే గాలి. వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్ లాంటిది ఒకటి బయటి గాలిని లాగి టబ్ అడుగున, గోడల్లో ఉన్న చిన్న రంధ్రాల్లోంచి తోస్తుంది. నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. ఒంటికి చక్కిలిగిలిగా, హాయిగా ఉంటుంది. కానీ బుడగలో బరువు లేదు, కాబట్టి కండరం మీద ఒత్తిడి పెద్దగా ఉండదు.

హీటర్ మన గీజర్‌లో ఉండే కాయిల్ లాంటిదే. తేడా ఏంటంటే పంపు తోసిన నీళ్లు దాని మీదుగా పారుతూ వేడెక్కి మళ్లీ టబ్‌లోకి వస్తాయి. పంపు ఆగితే హీటర్ కూడా ఆగాల్సిందే.

జెట్లు: మళ్లీ అదే మెగాపిక్సెల్ కథ

జకూజీ అన్నది ఒక ఇటాలియన్ కుటుంబం ఇంటిపేరు. కాలిఫోర్నియాలోని బర్కిలీలో స్థిరపడ్డ ఆ అన్నదమ్ములు మొదట్లో విమానాల ప్రొపెల్లర్లు, తర్వాత పొలాలకి బావి పంపులు తయారుచేశారు. వాళ్లలో ఒకరైన క్యాండిడో జకూజీ కొడుకుకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉండేది. ఆ పిల్లాడికి ఇంట్లోనే నీటి మసాజ్ అందాలని, స్నానాల తొట్టెలో పెట్టే పంపు ఒకటి చేశారు. అదే 1956లో జే-300 పేరుతో మార్కెట్లోకి వచ్చింది. జెట్లని తొట్టె గోడల్లోనే బిగించిన మోడల్‌ని రాయ్ జకూజీ 1968లో తెచ్చాడు. అంటే ఈ వస్తువు పుట్టిందే పంపు కంపెనీలో.

మన ఊళ్లలో పాత బావుల మీద జెట్ పంపు చూసిన వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. లోపలికి వెళ్లే పైపులో సన్నటి మూతి ఉంటుంది. నీళ్లు దాని గుండా వేగంగా వెళ్తుంటే అక్కడ ఒత్తిడి తగ్గి, పక్కనున్న నీటిని లాక్కుంటుంది. వెంచురీ అంటారు. హాట్ టబ్ జెట్‌లోనూ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ లాక్కునేది గాలిని. టబ్ అంచు మీద తిప్పే చిన్న నాబ్ ఉంటుంది చూడండి, అది ఆ గాలి దారిని తెరిచి మూసేది. కాబట్టి బ్లోయర్ లేకపోయినా జెట్లలో బుడగలు వస్తాయి. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామందికి బ్లోయర్ మీద ఆశ సగం తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క. ఒక పంపు నిమిషానికి 450 లీటర్లు తోస్తోంది అనుకుందాం. 45 జెట్లు ఉంటే ఒక్కోదానికి 10 లీటర్లు. 22 జెట్లు ఉంటే ఒక్కోదానికి దాదాపు 20. మూతి సైజు ఒకటే అయితే, ప్రవాహం సగమైతే వేగం కూడా సగం అవుతుంది. ధార కొట్టే బలం ప్రవాహాన్ని వేగంతో గుణించినంత ఉంటుంది కాబట్టి అది నాలుగో వంతుకి పడిపోతుంది. నిజానికి జెట్లు తగ్గించినప్పుడు పైపుల్లో ఒత్తిడి పెరిగి పంపు తోసే మొత్తం కొంచెం తగ్గుతుంది, కాబట్టి తేడా సరిగ్గా నాలుగు రెట్లు రాదు. కానీ దిశ మాత్రం మారదు. అదే పంపుకి జెట్లు పెంచుకుంటూ పోతే ఒక్కో జెట్ నీరసపడుతుంది.

కంపెనీలు దీన్ని రెండు రకాలుగా దాటతాయి. ఒకటి, మూతులు బాగా సన్నవి పెట్టడం. ధార చురుక్కుమంటుంది గానీ లోతుగా నొక్కదు. రెండోది, డైవర్టర్ వాల్వ్. ఒక హ్యాండిల్ తిప్పితే నీళ్లన్నీ ఒక వైపు సీట్లకి, ఇంకోవైపు తిప్పితే ఆ వైపుకి. ఒక్కరో ఇద్దరో కూర్చున్నప్పుడు ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ ఆరుగురు కూర్చునే టబ్ అని చెప్పి, ఆరుగురికీ ఒకేసారి బలం రాకపోతే "ఆరు" అన్న అంకెకి అర్థం ఏముంది?

చిన్న సెన్సార్ మీద 108 మెగాపిక్సెల్ అని రాసిన ఫోన్లు మనం చూశాం. ఇదీ అంతే. సెన్సార్ సైజు అడిగినట్టే ఇక్కడ పంపు గురించి అడగాలి.

అడిగితే "5 హెచ్‌పీ" అంటారు. ఇది ఇంకో కథ. పాత మ్యూజిక్ సిస్టమ్‌ల మీద 2000 వాట్స్ పీఎంపీఓ అని రాసి ఉండేది గుర్తుందా? ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లు. పంపు మోటార్ మీద అంటించిన ప్లేట్‌లో 240 వోల్టులు, 12 ఆంపియర్లు అని ఉంటే, అది లాగగలిగేదే 2880 వాట్లు. ఒక్క వాట్ కూడా వృథా కాలేదనుకున్నా 3.9 హెచ్‌పీ దాటదు. మోటార్ నిలకడగా ఇచ్చేది ఇంకా తక్కువ. కాబట్టి బ్రోషర్‌లో హెచ్‌పీ వదిలేసి, ప్లేట్ మీద వోల్టులు, ఆంపియర్లు అడగండి. చెప్పని అమ్మకందారు దగ్గర కొనాల్సిన పని లేదు.

గాలితో ఉబ్బించే చవక టబ్‌ల సంగతి వేరు. వాటి డబ్బాల మీద 120, 140 జెట్లు అని రాసి ఉంటుంది. వాటిలో చాలావాటికి అవి నీటి జెట్లే కావు, బ్లోయర్ గాలి వచ్చే రంధ్రాలు. కొన్ని మోడళ్లలో నాలుగో ఎనిమిదో అసలైన నీటి జెట్లు ఇస్తున్నారు, వాటి ధర ఎక్కువ. 140 చూసి 40 కంటే గొప్ప అనుకోకండి. రెండూ పోల్చదగ్గవి కావు.

బ్లోయర్: బుడగలు ఫ్రీ కాదు

నాకు అసలు అభ్యంతరం ఉన్నది బ్లోయర్‌తోనే. అది లాగే కరెంటుతో కాదు, అది పట్టుకుపోయే వేడితో.

చలికాలం సాయంత్రం, బయట 10 డిగ్రీల సెల్సియస్. టబ్‌లో నీళ్లు 39 డిగ్రీలు. బ్లోయర్ గంటకి 85 ఘనపు మీటర్ల గాలి తోస్తోంది అనుకుందాం, అంటే నిమిషానికి 50 ఘనపు అడుగులు. ఆ గాలి లోపలికి వచ్చేటప్పుడు చల్లగా, పొడిగా ఉంటుంది. ఒక ఘనపు మీటర్‌లో 5 లేదా 6 గ్రాముల తేమ. నీటిలోంచి బుడగగా పైకి వచ్చేసరికి అది వేడెక్కి, తేమతో నిండిపోతుంది. 39 డిగ్రీల దగ్గర గాలి పట్టుకోగల తేమ ఘనపు మీటర్‌కి 48 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ప్రతి ఘనపు మీటర్ గాలీ టబ్‌లోంచి 43 గ్రాముల నీటిని ఆవిరిగా ఎత్తుకుపోతుంది. గంటకి మూడున్నర కిలోలు పైనే.

ఒక కిలో నీళ్లు ఆవిరవ్వాలంటే 2400 కిలోజౌళ్లు కావాలి. ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? టబ్ నీళ్లలోంచే. లెక్కేస్తే దాదాపు 2.4 కిలోవాట్లు. గాలిని 10 నుంచి 39 డిగ్రీలకి వేడెక్కించడానికి ఇంకో 0.8. మొత్తం 3 కిలోవాట్లు దాటింది. బుడగలు పూర్తిగా తేమతో నిండకముందే పైకి వచ్చేస్తే కొంచెం తగ్గొచ్చు. అయినా ఇది చిన్న నష్టం కాదు.

మట్టి కుండలో నీళ్లు చల్లబడేది ఎందుకు? తడి గోనె కట్టిన కూలర్ పనిచేసేది ఎలా? ఆవిరైన ప్రతి చుక్కా వేడిని తీసుకుపోతుంది కాబట్టి. బ్లోయర్ ఆన్ చేస్తే మీ హాట్ టబ్ ఒక వాటర్ కూలర్ అయిపోతుంది. మీరు ఒక చేత్తో హీటర్‌కి డబ్బులు కట్టి, ఇంకో చేత్తో కూలర్ నడుపుతున్నారు.

దీనివల్ల ఎంత చల్లబడుతుంది? 1500 లీటర్ల టబ్ తీసుకోండి, అమెరికా లెక్కలో 400 గ్యాలన్లు. ఆ నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి 1.74 యూనిట్లు కావాలి. హీటర్ ఆగి ఉంటే, ఈ బ్లోయర్ గంటకి దాదాపు 1.8 డిగ్రీలు దించుతుంది. 20 నిమిషాలకి 0.6 డిగ్రీ. పెద్ద టబ్‌లో ఇది భరించవచ్చు. అదే 800 లీటర్ల గాలి టబ్‌లో గంటకి మూడున్నర డిగ్రీలు. 39 నుంచి 35కి వచ్చేస్తే అది హాట్ టబ్ కాదు, గోరువెచ్చటి తొట్టె.

కొన్ని బ్లోయర్లలో గాలిని వేడిచేసే చిన్న కాయిల్ ఉంటుంది, కొన్ని వందల వాట్లది. ఒంటికి చల్లగాలి తగలకుండా అది పనికొస్తుంది. కానీ వేడి గాలి కూడా పొడి గాలే. అసలు నష్టం ఆవిరి వల్ల కాబట్టి ఆ కాయిల్ దాన్ని పూడ్చలేదు.

బ్లోయర్ వైపు వాదన కూడా ఉంది. కొంతమంది పెద్దవాళ్లకి, ఒళ్లు నొప్పులు ఎక్కువగా ఉన్నవాళ్లకి గట్టి నీటి ధార పడదు. మెత్తటి బుడగలే హాయి. ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే, బ్లోయర్‌కి తగ్గ హీటర్ ఉన్న టబ్‌లో పెట్టించుకోండి. నేను వద్దంటున్నది, చిన్న హీటర్‌తో బ్లోయర్ అంటగట్టి "డ్యూయల్ సిస్టమ్" అని అమ్మేదాన్ని.

హీటర్: గీజర్ లెక్కతో చూడండి

మన ఇళ్లలో 25 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్ మామూలు. అది 25 డిగ్రీల నీటిని 60కి తేవడానికి అరగంట పడుతుంది, ఒక యూనిట్ కాలుతుంది. ఇది అందరికీ అనుభవమే.

ఇప్పుడు 1500 లీటర్లు అంటే 60 గీజర్లు. 15 డిగ్రీల నుంచి 38కి తేవాలంటే 40 యూనిట్లు కావాలి. 5.5 కిలోవాట్ల హీటర్‌కి ఏడు గంటల పైచిలుకు. ఉదయం నింపితే సాయంత్రానికి రెడీ. ఒక కిలోవాట్ హీటర్‌కి 40 గంటలు, అదీ ఒక్క కెలోరీ కూడా బయటికి పోకపోతే. చలిలో అది రెండు రోజులు దాటుతుంది.

ఒక కిలోవాట్ హీటర్ ఎందుకు పెడతారంటే, కారణం అమెరికా గోడలో ఉన్న సాకెట్. 120 వోల్టులు, 15 ఆంపియర్లు అంటే 1800 వాట్లు. గంటల తరబడి నడిచే లోడ్‌కి అందులో 80 శాతమే, అంటే 1440 వాట్లే వాడాలి. ఈ 1440లోనే హీటర్, పంపు, బ్లోయర్ అన్నీ సర్దుకోవాలి. సర్దుకోలేవు. అందుకే "ప్లగ్ అండ్ ప్లే" టబ్‌లు చాలావాటిలో జెట్లు ఫుల్ స్పీడ్‌లో పెట్టగానే హీటర్ ఆగిపోతుంది. చాలా గాలి టబ్‌లలోనూ బుడగలు నొక్కగానే అదే జరుగుతుంది. అంటే నీళ్లు ఎక్కువగా చల్లబడే సమయంలోనే వేడి ఆగిపోతుంది. మూత తీసి ఉంది, బ్లోయర్ తిరుగుతోంది, హీటర్ ఆఫ్. సిస్టమ్ డిజైన్‌లో ఇంతకంటే పెద్ద లోపం ఏముంటుంది?

240 వోల్టుల టబ్ అయితే 50 ఆంపియర్ల లైన్ వేయిస్తారు, 12 కిలోవాట్లు అందుబాటులో ఉంటాయి. హీటర్, పంపు కలిసి నడుస్తాయి. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఇంటి ప్యానెల్‌లో చోటు లేక తక్కువ ఆంపియర్ల లైన్ వేస్తే, కంట్రోల్ ప్యాక్‌ని దానికి తగ్గట్టు సెట్ చేస్తారు. అప్పుడు 240 వోల్టులున్నా జెట్లు హై స్పీడ్‌లోకి వెళ్లగానే హీటర్ ఆగుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచే ముందే "హీటర్, అన్ని పంపులు, బ్లోయర్ ఒకేసారి నడవడానికి ఎన్ని ఆంపియర్లు కావాలి?" అని అమ్మేవాళ్లని అడిగి రాయించుకోండి. ఈ పని మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. యూట్యూబ్ చూసి నీళ్ల పక్కన 240 వోల్టులతో ప్రయోగాలు వద్దు.

"పెద్ద హీటర్ అయితే బిల్లు పేలిపోదా?" అన్నది నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. పేలదు. 40 యూనిట్ల వేడి కావాలంటే ఏ కాయిల్ అయినా 40 యూనిట్లే కాలుస్తుంది. చిన్న కాయిల్ ఎక్కువసేపు, పెద్దది తక్కువసేపు. నిజానికి చిన్నది రెండు రోజులు లాగుతుంటే ఆ రెండు రోజులూ బయటికి పోయే వేడి అదనం.

నెల బిల్లుని నిర్ణయించేది మూత, గోడల ఇన్సులేషన్. కాలిఫోర్నియాలో దీనికి ఒక ప్రమాణం ఉంది. మూత వేసి, నీళ్లు 102 డిగ్రీల ఫారన్‌హీట్‌లో, బయట 60 ఫారన్‌హీట్‌లో ఉన్నప్పుడు టబ్ సగటున ఎన్ని వాట్లు తింటుందో కొలుస్తారు. స్టాండ్‌బై పవర్ అంటారు. మామూలు టబ్‌లకి వాడిన ఒక ఫార్ములా ప్రకారం 400 గ్యాలన్ల టబ్‌కి పరిమితి దాదాపు 244 వాట్లు వస్తుంది. అంటే రోజుకి 6 యూనిట్ల లోపు, నెలకి 175. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే 26 డాలర్లు. టబ్ మీద ఉండే ఎనర్జీ లేబుల్‌లో ఈ వాట్ల అంకె ఉంటుంది. నా దృష్టిలో హాట్ టబ్‌కి నిజమైన బెంచ్‌మార్క్ స్కోర్ అదే. రెండు టబ్‌లు పోల్చాలంటే జెట్లు లెక్కపెట్టకండి, ఆ అంకెలు పక్కపక్కన పెట్టండి.

మూత నీళ్లు పీల్చి బరువెక్కితే ఇన్సులేషన్ పోయినట్టే. ఎత్తడానికి ఇద్దరు కావాల్సి వస్తోందంటే మూత మార్చే టైమ్ వచ్చిందని అర్థం.

ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద

విడివిడిగా చూస్తే సరిపోదు. ఈ మూడూ ఒకే నీళ్లలో పనిచేస్తాయి.

పంపు నీళ్లని చల్లబరచదు, వేడెక్కిస్తుంది. తిప్పిన నీళ్ల శక్తి అంతా రాపిడితో చివరికి వేడిగానే మారుతుంది. పెద్ద పంపు ద్వారా 2 కిలోవాట్లు నీళ్లలోకి చేరితే, మూత వేసి ఉన్న 1500 లీటర్ల టబ్ గంటకి ఒక డిగ్రీ పైనే పెరుగుతుంది. డాలస్, ఫీనిక్స్ లాంటి ఊళ్లలో ఎండాకాలం హీటర్ ఆన్ అవ్వకుండానే నీళ్లు సెట్ చేసినదానికంటే వేడెక్కేది ఇందుకే. అప్పుడు చేయాల్సింది ఫిల్టర్ సైకిల్ గంటలు తగ్గించడం, గాలి నాబ్ తెరిచి, మూత తీసి కాసేపు వదలడం. బ్లోయర్ ఉంటే అది నిజంగా పనికొచ్చేది ఆ రోజే.

ఫిల్టర్ మూసుకుపోతే జెట్లు నెమ్మదిస్తాయి. చాలామంది పంపు పోయిందనుకుంటారు. ప్రవాహం మరీ తగ్గితే కాయిల్ కాలిపోకుండా కంట్రోల్ ప్యాక్ హీటర్‌ని ఆపేసి, ప్యానెల్ మీద ఫ్లో ఎర్రర్ చూపిస్తుంది. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకున్నట్టే. మెకానిక్‌కి ఫోన్ చేసేముందు ఫిల్టర్ తీసి నడిపి చూడండి. ఎర్రర్ పోతే కావాల్సింది ఫిల్టర్ కడగడమే. ఆ పరీక్ష అయ్యాక మాత్రం ఫిల్టర్ మళ్లీ పెట్టేయండి.

బ్లోయర్, గాలి నాబ్ ఎక్కువగా వాడితే నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. సోడా బాటిల్ ఊపితే గ్యాస్ పోయినట్టు. దాంతో పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ పెరిగిన కఠిన జలం వేడి కాయిల్ మీద తెల్లటి గార కడుతుంది. బోరు నీళ్ల గీజర్ విప్పినవాళ్లకి ఆ గార ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బుడగల బటన్‌కీ, హీటర్ ఆయుష్షుకీ సంబంధం ఉందని బ్రోషర్ చెప్పదు.

యాప్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

ఆఫీస్ నుంచి వస్తూ ఫోన్‌లో ఆన్ చేస్తే ఇంటికి వచ్చేసరికి రెడీ అని యాడ్స్‌లో చూపిస్తారు. గంటలో 5.5 కిలోవాట్ల హీటర్ 1500 లీటర్లని పెంచగలిగేది 3 డిగ్రీలు. ఒక కిలోవాట్ హీటర్ అర డిగ్రీ పైన కొంచెం. యాప్ ఎంత బాగున్నా ఫిజిక్స్‌ని ఓవర్‌రైడ్ చేయలేదు. కరెంటు రేటు రాత్రిపూట తక్కువగా ఉండే ప్లాన్ మీకుంటే షెడ్యూల్ పెట్టుకోవడానికి, ఊరెళ్లినప్పుడు గడ్డకట్టే చలిలో టబ్ ఆగిపోతే అలర్ట్ రావడానికి యాప్ పనికొస్తుంది. ఆ రెండూ మంచి ఫీచర్లే. మిగతావి లైట్లు మార్చుకోవడానికి.

ఒంటి మీదకి వచ్చే విషయం

ఇంతవరకూ డబ్బుల లెక్క. ఇది అంతకంటే ముఖ్యం. జెట్లు, బ్లోయర్ నీటిని సన్నటి తుంపరలుగా గాలిలోకి ఎగరేస్తాయి. నీళ్లు శుభ్రంగా లేకపోతే లెజియొనెల్లా బ్యాక్టీరియా ఆ తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దానికి గోరువెచ్చటి నీళ్లంటే ఇష్టం. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్‌లో ఒక పూల ప్రదర్శన జరిగింది. అక్కడ అమ్మకానికి నడిపి చూపించిన హాట్ టబ్ వల్ల ఈ జబ్బు వ్యాపించి కనీసం 32 మంది చనిపోయారు. వాళ్లు ఆ టబ్‌లో దిగలేదు, పక్కనుంచి నడిచి వెళ్లిన సందర్శకులు. 2019లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఒక రాష్ట్ర జాతరలోనూ హాట్ టబ్ ప్రదర్శనతో ముడిపడ్డ ఇలాంటిదే జరిగి నలుగురు పోయారు.

వేడి, బుడగలు రెండూ క్లోరిన్‌ని త్వరగా తగ్గించేస్తాయి. అమెరికా సీడీసీ చెప్పేది క్లోరిన్ కనీసం 3 పీపీఎం, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య. టెస్ట్ స్ట్రిప్ ముంచితే నిమిషంలో తెలుస్తుంది. వీకెండ్‌కి అద్దెకి తీసుకున్న క్యాబిన్‌లో అయినా సరే, బ్లోయర్ బటన్ నొక్కేముందు ఒక స్ట్రిప్ ముంచండి. ఫ్రెండ్స్‌తో వెళ్లినప్పుడు నేను బ్యాగ్‌లో స్ట్రిప్‌లు పట్టుకెళ్తా. నవ్వుతారు, నవ్వనివ్వండి.

నీళ్లు 104 ఫారన్‌హీట్, అంటే 40 సెల్సియస్ దాటకూడదు. ఐదేళ్ల లోపు పిల్లల్ని దించకూడదు. గర్భిణులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి బీపీ, గుండె, షుగర్ సమస్యలుంటే డాక్టర్‌ని అడిగాకే. హీటర్ ఎంత వేడి చేయగలదన్నదానికంటే, ఎక్కడ ఆగుతుందన్నది పెద్ద ప్రశ్న. ప్యానెల్ చూపించే అంకెని ఒక విడి థర్మామీటర్‌తో సరిచూసుకోండి.

ఇండియాలో పెట్టించుకునేవాళ్లకి

హైదరాబాద్ విల్లాల్లో, ఫామ్‌హౌస్‌లలో ఇప్పుడు ఇవి కనిపిస్తున్నాయి. మనకి 230 వోల్టులు కాబట్టి 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌లోనే 3.6 కిలోవాట్ల దాకా వస్తుంది. అమెరికా ప్లగ్ టబ్‌కి ఉన్న ఇబ్బంది ఇక్కడ అంతగా లేదు. కానీ అక్కడినుంచి టబ్ తెప్పించుకుంటే జాగ్రత్త. 120 వోల్టుల మోడల్ నేరుగా పనికిరాదు. 240 వోల్టులదే అయినా మోటార్ 60 హెర్ట్జ్‌కి చేసినది. మన 50 హెర్ట్జ్ మీద అది ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, ఆరోది పోతుంది. ప్రవాహం 17 శాతం, ఒత్తిడి 30 శాతం తగ్గుతాయి. జెట్లు డీలాపడతాయి. 50 హెర్ట్జ్ మోడల్ ఉందా అని అడగండి.

మన వాతావరణంలో మేలో హీటర్‌తో పనే ఉండదు. నీళ్లు వేడెక్కకుండా చూసుకోవడమే పని. బోరు నీళ్లు వాడితే గార సమస్య తప్పదు, సాఫ్ట్‌నర్ నీళ్లతోనో ట్యాంకర్ మంచినీళ్లతోనో నింపండి.

నా తీర్పు

కొనేముందు నాలుగు విషయాలు అడగండి. స్టాండ్‌బై పవర్ ఎన్ని వాట్లు? జెట్లు ఫుల్‌లో ఉన్నప్పుడు హీటర్ నడుస్తుందా? పంపు ప్లేట్ మీద ఎన్ని ఆంపియర్లు? ఫిల్టర్, మూత మార్చడానికి ఎంత అవుతుంది? ఆ తర్వాత షోరూమ్‌కి స్విమ్ డ్రెస్ పట్టుకెళ్లి నీళ్లున్న టబ్‌లో కూర్చోండి. మంచి డీలర్లు దీనికి ఒప్పుకుంటారు, వెట్ టెస్ట్ అంటారు. అన్ని సీట్ల జెట్లూ తెరిచి, మీ సీట్‌లో బలం ఎంతుందో వీపుతో చూడండి.

నేనైతే 5.5 కిలోవాట్ల హీటర్, మంచి మూత, 25 లేదా 30 జెట్లున్న బ్లోయర్ లేని టబ్‌కి ఓటేస్తా. అదే ధరకి ఒక కిలోవాట్ హీటర్‌తో 60 జెట్లు, బ్లోయర్, స్పీకర్ ఇస్తామన్నా తీసుకోను. గాలి టబ్ తీసుకుంటే తప్పు లేదు, బడ్జెట్ అంతే అయితే అదే సరి. కాకపోతే ఎండాకాలం చివర, చలికాలం మొదట్లో వాడుకుని మడిచి పెట్టేసే వస్తువు అని తెలిసి కొనండి. బుడగలు ఐదు నిమిషాలు వేసి ఆపేయండి, మూత వెంటనే వేసేయండి.

బ్లూటూత్ స్పీకర్ కావాలంటే వాటర్‌ప్రూఫ్‌ది విడిగా దొరుకుతుంది. చిన్న హీటర్‌తో వచ్చిన టబ్‌కి వేడి మాత్రం తర్వాత విడిగా కొనలేరు.